భీముని గదయు తరిమెనయు

ఇటీవల వనపర్తి ప్రాంతమున నొక గ్రామమందు నాటకము చూడబోతిమి. భీముడు తొడగొట్టి గద నెత్తగానే దాని తల యూడి హార్మోనియము ప్రక్కను పడెను. అట్టకు బంగరుకాగిత మంటించిన గద! జనులు నవ్విరి. నటుడు చెదరక పద్యమును ముగించెను. ఆతని గాత్రమున లోపము లేదు, లోపమంతయు నాయుధముననే.

పాలమూరుసీమలో పౌరాణిక నాటకము నేటికిని సజీవముగ నున్నది. ఉత్సవములకు ధారాళముగ చందాలిచ్చు పెద్దలు తెరలకును దీపములకును వెచ్చింతురు గాని, కిరీటములు, గదలు మాత్రము పరాయి పట్టణములనుండి బాడుగకు వచ్చినను సమ్మతింతురు. ఇంటిముంగిట పనివాడుండగా నిదేమి యాచారము?

లోహపు గద బరువని కొందరందురు. లెక్క చూతము. 15 సెంటీమీటర్ల వ్యాసముగల గట్టి యిత్తడిగుండు సుమారు 15 కిలోలు తూగును. దానినే 1 మిల్లీమీటరు రేకుతో బోలుగ చేసినచో 600 గ్రాములు మాత్రమే. ఆ బోలుతనమును సాధించునది తరిమెన, అనగా లేతు యంత్రము. ముందు కొయ్యను తరిమెనబట్టి యర్ధగోళపు టచ్చును సిద్ధపరచి, దానిపై గుండ్రని యిత్తడిబిళ్ళను బిగించి త్రిప్పవలెను. తిరుగు రేకునకు కొవ్వు రాచి, మొనలేని నున్నని కడ్డీతో నొత్తుకొనిపోగా, కుమ్మరిసారెపై మట్టివలె నది వంగి యచ్చు నంటుకొనును. ఒత్తిడికి ఇత్తడి బిరుసెక్కును. నడుమనడుమ కాల్చి మెత్తబరుపనిచో నంచు చీలును. ఇట్టివి రెండు చేర్చి టంకము పెట్టిన గదశిరస్సు సిద్ధము. పిడికి అల్యూమినియపు గొట్టము చాలును.

దీపపు సెమ్మెలపై వలయములు, పన్నీరుబుడ్డి మెడ, చామరపు పిడి—ఇవియు తిరుగు లోహమునకు ఉలి యానించి తీర్చదగినవే. రాలిన పొట్టు మరల మూసకు చేరును. అయితే కిరీటముపై లతలు, మకరముఖములు తరిమెనకు లొంగవు. వర్తులమే దాని రాజ్యము. అచ్చట జనగామ చెంతనున్న పెంబర్తివారివలె రేకును సుత్తితో కొట్టి చిత్రించు హస్తము కావలయును.

వనపర్తి రాజప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ వెలసెను. యంత్రవిద్య నేర్చిన యువకులు పని వెదకుచు హైదరాబాదు దారి పట్టుట మన మెరుగనిది కాదు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలైనవి. మూడు కేంద్రములందును ఒక తరిమెన, దానిచెంత నొక కంచరి, ఏడాదికి కొన్ని నాటకసమాజముల పని—ఇంతమాత్రము కుదిరినను ఒక్కొక్కచోట రెండు మూడు కుటుంబములు నిలుచును. విద్వద్గద్వాల యని పేరుగాంచిన సంస్థానము కవులకు సన్మానములు చేసెను. కంచరివానికి బయానా యిచ్చుట మన వంతు.

వచ్చు జాతరకు ముందే ఆ బయానా చేతబెట్టుడు. పిడి కొలతను మాత్రము నటునినే యడుగవలెను. తెల్లవారువరకు దానిని మోయువాడు వాడే గదా.