అమ్మమ్మ గీత ఎందుకు దిగింది?

నాన్నగారికి బదిలీలు కావడంతో మేము మూడేళ్లకో ఊరు మారుతుంటాం. అమ్మమ్మను చూసేది వేసవి సెలవుల్లోనే. ఊరు వెళ్లగానే గోడకు ఆనుకుని నిలబడి, మా ఎత్తును పెన్సిలుతో గీసుకోవడం మాకు అలవాటు. సరదాకి అమ్మమ్మ ఎత్తు కూడా గీస్తాం. ఈసారి మా గీతలు పైకి వెళ్లాయి. అమ్మమ్మ గీత మాత్రం పాత గీతకంటే రెండు వేళ్లు కిందికి దిగింది. "వయసు మీద పడితే అంతేనర్రా!" అని ఆవిడ నవ్వేసింది. అమ్మ నవ్వలేదు. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరుగారు ఎముకల సాంద్రత పరీక్ష చేయించమన్నారు. దీన్నే డెక్సా స్కాన్ అంటారు. బల్లమీద కదలకుండా పడుకుంటే చాలు, సూది గుచ్చరు. రెండు రకాల శక్తి గల ఎక్స్‌రేలను తుంటి, నడుము ఎముకల గుండా పంపుతారు. వాటిని ఎముక ఒకలా, కండ మరోలా పీల్చుకుంటాయి. ఆ తేడాను బట్టి ఎముకలో ఖనిజం ఎంత ఉందో కంప్యూటరు లెక్క కడుతుంది. ఇందులో రేడియేషన్ చాలా తక్కువ.

ఫలితాన్ని టి-స్కోరు అంటారు. అంటే ఆరోగ్యవంతులైన యువతీయువకుల ఎముకలతో పోల్చి చెప్పే అంకె. అది మైనస్ 1 గాని అంతకంటే ఎక్కువగాని ఉంటే మంచిదే. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు. మైనస్ 2.5 గాని అంతకంటే తక్కువగాని ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే బోలు ఎముకల వ్యాధి. అమ్మమ్మకు మైనస్ 2.8 వచ్చింది. లెక్కల క్లాసులో నేర్చుకున్న రుణ సంఖ్యలు ఇలా ఇంట్లోకి వస్తాయని మేము అనుకోలేదు.

ఎముక రాయి కాదు. అందులో పాతది కరుగుతూ, కొత్తది చేరుతూ ఉంటుంది. సుమారు 30 ఏళ్ల వరకు చేరేదే ఎక్కువ. ఆ తరువాత మెల్లగా తరుగుదల మొదలవుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి, ఎముక మరింత త్వరగా తరుగుతుంది. విరిగేదాకా నొప్పి తెలియకపోవచ్చు. వెన్నుపూసలు నలిగితే మనిషి పొట్టిగా అవుతారు, నడుము వంగుతుంది. అందుకే 65 ఏళ్లు దాటిన ఆడవాళ్లు ఈ పరీక్ష చేయించుకోవాలంటారు. చిన్నపాటి దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లు ఇంకా ముందే డాక్టరును అడగాలి.

ఇప్పుడు అమ్మమ్మ మందులు వేసుకుంటోంది, రోజూ నడుస్తోంది. జారిపడకుండా స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ పెట్టించాం.

మన ఎముకలు గట్టిపడే వయసు మాత్రం ఇదే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు కూడా మంచివే. ఎండలో ఆడుకుంటే విటమిన్ డి అందుతుంది.

మిత్రులారా! రోజూ చూసేవాళ్లకు తెలియని మార్పు, ఏడాదికోసారి వెళ్లే మనకు కనిపిస్తుంది. ఈ సెలవుల్లో మీ ఎత్తుతోపాటు మీ అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల ఎత్తు కూడా గీయండి.