పసిబిడ్డను ఉయ్యాల నుండి మంచానికి ఎప్పుడు మార్చవలెను?

బిడ్డ పుట్టిన ఇంటిలో ఉయ్యాల వేయడం ఒక వేడుక. బారసాల నాడు ముత్తైదువులందరూ చేరి, పాటలు పాడి, బిడ్డను ఉయ్యాలలో పరుండబెడతారు. పంచాంగం చూచి ముహూర్తం పెట్టి ఉయ్యాల ఎక్కించే మనం, దానిని దింపవలసిన దినం గురించి మాత్రం ఆలోచించము. "ఏడాది నిండాక చూద్దాంలే" అంటుంది అమ్మమ్మ. "రెండోవాడు పుట్టేదాకా ఉండనీ" అంటుంది నాయనమ్మ. ఈ రెండు మాటల నడుమ ఏది పాటించాలో తెలియక, కోరుకొండ చుట్టుపక్కల గ్రామాల తల్లులు వైద్యుని అడుగుతూ ఉంటారు. వారికి చెప్పే సమాధానాన్నే ఇక్కడ వివరిస్తున్నాను.

ఉయ్యాల దింపడానికి వయస్సు కొలత కాదు. బిడ్డ చేష్టయే కొలత. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకొంటే తక్కినవన్నీ సులభంగా బోధపడతాయి.

శాస్త్రం ఏమి చెప్పింది?

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో కౌమారభృత్యం ఒకటి. శిశుపోషణకు సంబంధించిన విషయాలన్నీ ఇందులో చేరుతాయి. చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం శిశువు ఉండవలసిన గదిని వర్ణించింది. ఆ గది దృఢంగా ఉండాలి. ఈదురుగాలి కొట్టకుండా, ఒక ప్రక్కనుండి మాత్రం గాలి వచ్చేటట్లు ఉండాలి. ఎలుకలు, పురుగులు, కోరలుగల జంతువులు చేరరాదు. పడక మృదువుగా, తేలికగా, శుచిగా ఉండాలి. చెమటతోను, మలమూత్రాలతోను మలినమైన పక్కబట్టలను విడిచిపెట్టాలి. వేరే బట్టలు లేనప్పుడు వాటినే చక్కగా ఉతికి, ధూపం వేసి, ఆరబెట్టి వాడాలి. ధూపం చెప్పింది బట్టలకు అన్న విషయాన్ని గృహిణులు గమనించవలెను. సాంబ్రాణి పొగను బిడ్డ ముఖానికి పట్టడం లేత ఊపిరితిత్తులకు హాని.

బిడ్డను హఠాత్తుగా నిద్రలేపరాదనీ, ఒక్కసారిగా లాగడం, పైకెత్తి కుదపడం కూడదనీ సుశ్రుతుడు హెచ్చరించాడు. నిద్రచోటు మార్చడంలో కూడా ఇదే నియమం వర్తిస్తుంది. ఏ మార్పు అయినా మెల్లగా జరగాలి.

మొదటి మెట్టు: బోర్లాపడిన నాడు

బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులకు అరిసెలు అని మన ఇళ్ళలో ఒక్కొక్క ముచ్చటకు ఒక్కొక్క పిండివంట చేసి పంచుతారు. ఈ ఆచారంలో ఎంతో వివేకం ఉంది. బిడ్డ ఎదుగుదలను ఇల్లంతా కనిపెట్టి ఉండడానికి ఇది సాధనం. బొబ్బట్లు పంచిన నాడే, దూలానికి కట్టిన చీర ఉయ్యాలను కొక్కెం నుండి దింపివేయవలెను. సాధారణంగా ఇది నాలుగు నుండి ఆరు నెలల మధ్య వస్తుంది.

కారణం స్పష్టం. బోర్లాపడిన శిశువు చీర మడతలో ముఖం కూరుకుపోతే తిరిగి వెల్లకిలా కాలేకపోవచ్చు. కూర్చోవడం నేర్చిన బిడ్డ అంచు పట్టుకొని ముందుకు వంగితే తలక్రిందులుగా పడిపోగలదు. అంతకంటె ఘోరమైన ప్రమాదం మరొకటి ఉన్నది. ఖాళీ ఉయ్యాలలో పెద్దపిల్లలు కూర్చొని గిరగిర తిరుగుతూ ఆడుకొనేటప్పుడు చీర మెలిపడి మెడకు బిగుసుకొని ప్రాణాలు పోయిన ఉదంతాలు మన దేశపు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. కనుక బిడ్డ లేని సమయంలో చీరను వ్రేలాడదీసి ఉంచకూడదు. విప్పి, మడిచి బీరువాలో పెట్టండి.

చీర ఉయ్యాల వాడుతున్న తొలి నెలలలో కూడా పెద్దవారెవరైనా చెంత ఉండాలి. మెత్తని చీరలో శిశువు మెడ వంగి, గడ్డం రొమ్మును తాకితే శ్వాసకు అడ్డు కలుగుతుంది. సంవత్సరం నిండేవరకు రాత్రి నిద్రకు సమంగా, గట్టిగా ఉండే పడకయే శ్రేష్ఠం. తల్లి గదిలోనే, తల్లి ప్రక్కనే, అయితే వేరు పడకమీద బిడ్డను వెల్లకిలా పరుండబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాలదిండుతో సహా ఏ దిండూ ఆ వయస్సులో అవసరం లేదు. బూరుగుదూది పరుపు లోతుగా దిగిపోతుంది కాబట్టి అది కూడా పనికిరాదు.

రెండవ మెట్టు: ఊచలు దాటే ప్రయత్నం

చీర ఉయ్యాల తరువాత అనేక గృహాలలో నాలుగువైపులా ఊచలుగల కొయ్యతొట్టిని వాడుతున్నారు. దీనిని విడిపించడానికి తొందర అక్కరలేదు. బిడ్డ అందులో సుఖంగా నిద్రిస్తూ, దాటే యత్నం చేయకపోతే మూడేళ్ళ వరకు ఉండనివ్వవచ్చు. అయితే ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయరాదు.

1. బిడ్డ ఊచలమీదికి కాలువేసి ఎక్కజూడడం.
2. నిలబడినప్పుడు పై పట్టె రొమ్ము ఎత్తుకు మాత్రమే రావడం.
3. బిడ్డ ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు కావడం.

చురుకైన పిల్లలు ఏడాదిన్నరకే ఎక్కగలరు. నెమ్మదైనవారు మూడేళ్ళకు కూడా ఎక్కరు. ప్రక్కింటి పిల్లవానితో పోల్చి బాధపడవలసిన పని లేదు.

మంచం ఎటువంటిది?

మంచం ఎంత పొట్టిదైతే అంత మేలు. నేలమీద పరుపు వేసినా చాలును. ఎత్తయిన పట్టెమంచం మీద పసిబిడ్డను ఒంటరిగా పరుండబెట్టరాదు. నులక మంచంలో కాళ్ళవైపు తాళ్ళు బిగించేచోట ఉండే సందు పసిపిల్లలకు అపాయకరం. మంచానికీ గోడకూ మధ్య బిడ్డ ఇరుక్కొనేంత ఖాళీ మిగల్చకూడదు. కిటికీ చెంత వేయరాదు. దోమతెర తప్పక కట్టండి. గోదావరి కాలువల ప్రాంతాలలో దోమల బెడద అందరికీ తెలిసినదే. మూసిన గదిలో దోమల చుట్ట కాల్చి పిల్లలను నిద్రపుచ్చడం మంచిది కాదు.

మంచానికి మారిన బిడ్డ రాత్రి తనంతట తాను లేచి నడవగలడు. ఇంతవరకు తొట్టి చేసిన కాపలాను ఇకపై గది అంతా చేయవలెను. వీధి తలుపు గడియ, మేడమెట్లు, వంటింటి గుమ్మం, పెరటిలోని నీళ్ళ గాబు, నూతి గట్టు అన్నిటినీ ఆ కన్నుతో చూచుకోండి. స్నానాలగదిలో బకెట్టెడు నీళ్ళు కూడా నిలువ ఉంచకండి.

మార్చే విధానం

పది దినాల వ్యవధి పెట్టుకోండి. మొదటి మూడు నాలుగు దినాలు పగటినిద్ర మాత్రం క్రొత్త పడకమీద అలవాటు చేయండి. పడకను తొట్టి ఉన్న చోటనే వేయండి. పాత దుప్పటి, పాత జోలపాట, పాత వేళ మారకూడదు. ఉయ్యాల పోయినంత మాత్రాన జోలపాట ఆగవలసిన అవసరం లేదు. రాత్రి లేచి వస్తే కోపపడక, చేయి పట్టుకొని తీసుకువెళ్ళి తిరిగి పడుకోబెట్టండి. బూచి వస్తాడని బెదిరించకండి. రాక్షస పిశాచాల పేర్లతో పిల్లలను భయపెట్టకూడదని చరక సంహిత ఆనాడే నిషేధించింది.

జ్వరం, పాలు మాన్పించడం, ఇల్లు మారడం, బడిలో చేర్చడం జరుగుతున్న రోజులలో ఈ మార్పు తలపెట్టవద్దు. రెండవ కాన్పు రానున్న ఇంటిలో మరింత జాగ్రత్త అవసరం. పెద్దబిడ్డను లేపి, ఆ చోట పసిగుడ్డును పెడితే "నా చోటు వీడు లాక్కున్నాడు" అన్న దుఃఖం ఆ చిన్నమనస్సులో నాటుకొంటుంది. తల్లి పుట్టింటికి పయనమవడానికి కనీసం రెండు నెలల ముందే మార్పు పూర్తిచేయండి. వీలుకాకపోతే పెద్దవానిని కదపక, పసివానికి వేరే పడక ఏర్పాటు చేయండి.

నిద్రకు గృహోపచారాలు

ఒకటి రెండేళ్ళ పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేళ్ళవారికి 10 నుండి 13 గంటలు నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇందుకు నియమితమైన వేళ ముఖ్యం. సాయంత్రం గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా అభ్యంగనం చేసి స్నానం చేయించండి. నిద్రకు గంట ముందే పప్పు, నెయ్యి కలిపిన మెత్తని అన్నం పెట్టండి. పడుకోబోయే ముందు అరికాళ్ళకు కొద్దిగా నెయ్యి రాయవచ్చు. లేచి నడిస్తే జారకుండా బట్టతో తుడిచివేయండి.

నిద్రకోసం జాజికాయ అరగదీసి పట్టడం, నల్లమందు వేయడం వంటి పాత అలవాట్లను పూర్తిగా విడనాడవలెను. ఇవి ప్రాణాంతకం కాగలవు. మత్తు కలిగించే దగ్గుమందులను కూడా నిద్రకై వాడరాదు.

క్రొత్త పడకమీద పక్క తడిపితే సిగ్గుపరచకండి. అయిదేళ్ళ వరకు ఇది వ్యాధి కాదు. దుప్పటి క్రింద రబ్బరు గుడ్డ పరచండి. నిద్రలో గట్టిగా గురకపెట్టి, ఊపిరి ఆగి ఆగి తీసుకొనే బిడ్డను శిశువైద్యునికి చూపించండి. మంచంపై నుండి పడి వాంతులు, మగత, ఫిట్స్ కనిపిస్తే గృహవైద్యంతో కాలహరణం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈ వ్యాసం చదివిన తల్లులు నేడే తమ ఇంటి ఉయ్యాల ఎదుట నిలిచి బిడ్డను ఒక్కసారి పరిశీలించండి. బోర్లాపడుతున్నాడా? కూర్చొంటున్నాడా? ఊచలమీద కాలు వేస్తున్నాడా? ఔనన్నది సమాధానమైతే, ఉయ్యాల దింపడానికి వేరే ముహూర్తం చూడనవసరం లేదు.