మేక తన పిల్లను గుర్తించు వేళ

ఈనిన మేక తన పిల్లను దగ్గఱకు రానీయక కుమ్ముటయు, పాలీయక తన్నుటయు మన పల్లెలలో అప్పుడప్పుడు చూచుచుందుము. అట్టి మేకను పాపిష్ఠిదని తిట్టి సంతకు తోలువారును కలరు. కాని పలుమాఱు అందు మేక తప్పు లేదు. ఈనిన తరువాతి కొద్ది నిమిషములలో జరుగవలసిన పని జరుగకపోవుటయే తఱచుగా దీనికి కారణము. ఐదు నెలలు చూలు మోసిన మేక పిల్లను విడనాడినచో, రైతునకు పిల్లయు పోవును, ఒక యీత మేపిన శ్రమయు పోవును. సంఘమున అప్పు తీసికొని మేకలను కొన్న సభ్యునకు ఆ పిల్లయే గదా వాయిదా సొమ్ము!

ఇందొక చిత్రము గలదు. తల్లిని, పిల్లను మనము ప్రతిదినము వేఱుచేయుచునే యున్నాము. ఉదయమున పిల్లను గంపక్రింద మూసి తల్లిని మేతకు తోలుదుము. సాయంకాలమున మంద తిరిగి వచ్చునప్పుడు తల్లి అఱచుచు పరుగెత్తును. పిల్ల బదులు పలుకును. దొడ్డిలో ఎన్ని పిల్లలున్నను తల్లి వాసన చూచి తన పిల్లకే చన్నిచ్చును. పగలెల్ల ఎడబాసినను తగ్గని మక్కువ, ఈనిన నాడు ఒక్క గంట ఎడబాటుతో ఏల పోవలయును?

ఈ సంగతిని అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమునందలి డ్యూక్ విశ్వవిద్యాలయమున పీటర్ క్లాప్ఫర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును పరీక్షించి 1964లో ప్రకటించిరి. కొన్ని మేకలు ఈనగానే పిల్లను 5 నిమిషములు తల్లియొద్ద నుంచి, పిమ్మట తీసివేసిరి. 1 మొదలు 3 గంటల వఱకు ఎడబాపి తిరిగి చూపగా, ఇంచుమించు అన్ని తల్లులును పిల్లలను చేర్చుకొన్నవి. మఱికొన్ని మేకల పిల్లలను నేలబడిన వెంటనే, తల్లి ముట్టకమునుపే తీసివేసిరి. ఆ తల్లులలో ఎక్కువభాగము ఒక గంట గడచిన పిమ్మట తమ పిల్లలనే పరాయివానివలె త్రోసివేసినవి. ఇంత భేదమును కల్పించినవి 5 నిమిషములే.

దీనికి కారణమేమి? ఈనునప్పుడు గర్భద్వారము సాగుటచే తల్లి మెదడున ఆక్సిటోసిన్ అను స్రావము ఊరును. ఆ కొద్దిసేపు తల్లికి పిల్లపై ఆసక్తి మిక్కుటముగ నుండును. ఉమ్మనీటి వాసనకు ఆకర్షింపబడి పిల్లను నాకును. నాకుచు దానిని తన దానినిగా గుర్తుపట్టును. డేవిడ్ గుబర్నిక్ అను శాస్త్రజ్ఞుడు 1980 ప్రాంతమున చేసిన పరీక్షలలో, వేఱొక తల్లి నాకి పాలిచ్చిన పిల్లలను మేకలు నిరాకరించినవి. ఏ తల్లియు ముట్టని పరాయి పిల్లలను అంగీకరించినవి. అనగా తల్లి నాలుకయు, పాలును పిల్లకు ముద్రవంటివని తేలుచున్నది. కొన్ని దినములకు గొంతు గుర్తును తోడగును. ముద్రపడిన పిమ్మట ఎడబాటునకు తల్లి ఓర్చును, ముద్రపడకమున్ను ఓర్వజాలదు.

కావున రైతులు ఈ క్రింది విషయములను గమనింపవలయును. పిల్ల నేలబడగానే ముక్కు, నోటిలోని జిగటను మాత్రము తుడిచి, తల్లి మూతికడ నుంచవలెను. నీటితో కడుగరాదు. వానయో చలియో ఉన్నచో పిల్లను మాత్రమే యింటిలోనికి కొనిపోక, తల్లిని, పిల్లను కలిపియే చాటునకు చేర్పవలెను. కవలలు పుట్టినచో తల్లి మొదటి పిల్లతో మెలగుచు రెండవదానిని మఱవవచ్చును. దానిని గూడ తల్లి ముందఱనే పెట్టవలెను. బొడ్డునకు టింక్చరు అయొడిను అద్దవలెను.

ముఱ్ఱుపాలు ఒక గంటలోపల త్రాగించుట మేలు. మేకపిల్లకు గర్భములో తల్లినుండి రోగనిరోధక శక్తి చేరదు. అది ముఱ్ఱుపాలనుండియే రావలెను. సుమారు 24 గంటలు గడచినచో పిల్ల ప్రేగు ఆ శక్తిని గ్రహింపజాలదు. 2 కిలోల పిల్లకు మొదటి దినమున 200 మిల్లీలీటర్లకు తక్కువ గాకుండ, నాలుగైదు మాఱులుగ పట్టవలెను.

ఇంత చేసినను తల్లి తన్నినచో, ముందుగ పొదుగును పరీక్షింపవలెను. వాపో పుండో ఉన్నచో నొప్పిచేతనే తన్నుచుండవచ్చును, పశువైద్యునకు చూపవలెను. అట్టిదేమియు లేనిచో తల్లిని, పిల్లను ఇఱుకైన దడిలో నుంచి, ఆ తల్లి పాలనే పితికి పిల్ల వీపునకు, తోకకు పూసి వాసన చూపవలెను. రోజునకు నాలుగైదు సారులు తల్లిని పట్టుకొని పిల్లకు చన్ను కుడిపింపవలెను. కొన్ని దినములిట్లు ఓపిక పట్టినచో పలు తల్లులు దారికి వచ్చును. రానిచో పిల్లకు సీసాతో పాలు పట్టి కాపాడవలెను.

ఇందులకు ఖర్చు స్వల్పము, పనిముట్లు అక్కఱలేదు. చూడి మేకకు నెలలు నిండినప్పుడు ఇంటివారిలో నొకరు కనిపెట్టియుండి, ఈనిన తోడనే తల్లిని పిల్లను కొంతసేపు కలిపి యుంచినచో చాలును. ఆ కొద్ది నిమిషముల జాగ్రత్తవలన ఒక పిల్ల దక్కును. మంచి మేక నిష్కారణముగ కటికవాని పాలు గాకుండును.