దుబాసీగా వెళ్ళి విద్యార్థినయ్యాను

పోయిన జనవరిలో మా ఊరి చర్చి అయ్యగారు ఫోన్ చేశారు. "అమెరికా నుంచి నలుగురు వస్తున్నారు బాబూ. చుట్టుపక్కల పాస్టర్లకీ, సండే స్కూల్ టీచర్లకీ మూడు రోజుల ట్రైనింగ్. ఇంగ్లిష్‌లో చెప్పింది తెలుగులో చెప్పేవాళ్ళు కావాలి, నువ్వు రాగలవా?" అన్నారు. హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే నాకు దుబాసీ పని కొత్త. అయినా ఒంగోలు దగ్గర సొంతూరు, చిన్నప్పటి నుంచి ఎరిగిన అయ్యగారు. కాదనలేక లీవు పెట్టి వెళ్ళాను.

మొదటి రోజంతా స్లైడ్లే. 'మీ సంఘం ఐదేళ్ళ విజన్ ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి' అన్నారు. విజన్‌ను నేను 'దర్శనం' అని తెలుగు చేశాను. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, మొన్న రాత్రి కలలో తనకు కనబడిందంతా వివరంగా రాసిచ్చాడు. తప్పు ఆయనది కాదు, నాది.

రెండో రోజు మా పెద్దమ్మ లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా సండే స్కూల్ నడుపుతున్న మనిషి. "అబ్బాయ్, ఆమెను ఒకటడుగు. ఈ నెలల్లో మా పిల్లలు అమ్మానాన్నల వెంట పుగాకు పనులకి పోతారు. ఆదివారం బడికి ఒక్కరూ రారు. అప్పుడేం చెయ్యాల?" అంది.

పాఠం చెబుతున్నావిడ రిటైరైన స్కూల్ టీచర్. స్లైడ్ల వైపు ఒకసారి చూసి ల్యాప్‌టాప్ మూసేశారు. "నాకు తెలియదు. మీరేం చేస్తున్నారో చెప్పండి" అన్నారు.

"నేనే బ్యారన్ కాడికి పోతా. వాళ్ళు ఆకు కర్రలకి కడతా ఉంటే నేనూ పక్కన కూర్చుని కడతా, కథ చెబుతా. మంచి పట్టులో ఆపేసి మిగతాది రేపంటా. మర్నాడు పక్క బ్యారన్ పిల్లకాయలు కూడా వస్తారు."

ఆవిడ పుస్తకం తీసి రాసుకున్నారు. ఆ తర్వాత గంటసేపు నేను తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి చెబుతూనే ఉన్నాను. మూడు రోజుల్లో నిజంగా ట్రైనింగ్ జరిగింది ఆ గంటే అనిపించింది.

వెళ్ళేముందు ఆవిడ నన్ను పక్కకు పిలిచారు. "వచ్చే ఏడాది ఆఫ్రికాలో మలావీ వెళ్తున్నాం. ట్యాబ్‌లో పాఠాలు తయారు చేసుకోవడం అక్కడి టీచర్లకు నేర్పడానికి రెండు వారాలు రాగలవా?" అన్నారు. వెంటనే సరేననలేకపోయాను. పెద్దమ్మ లాంటి వాళ్ళ ముందు నిలబడి నేనూ విజన్ స్లైడ్ వేస్తానేమో అని భయం.

ఆలోచిస్తుంటే మా ప్రాంతం కథే గుర్తొచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు గడ్డ మీద అడుగుపెట్టింది 1836లో. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ అంతకుముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించారు. ఆ పని దగ్గర మేస్త్రీలుగా ఉన్నది తెలుగు బోధకులే. కూలీలు అలసి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని మాట్లాడేవారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు ఏట్లో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొర కాదు, తెలుగు బోధకులు.

అంతమందికి చదువు, బోధ చెప్పడం నలుగురైదుగురు దొరల వల్ల అయ్యే పని కాదు. అందుకే మన మనుషుల్ని తయారు చేయడం ముందే మొదలైంది. సముద్రం ఒడ్డున రామాయపట్నంలో బోధకుల కోసం సెమినరీ పెట్టింది 1872లో. అంతకన్నా ముందే యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు తమ బంధువుల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగారు. ఆ ఊళ్ళలో ఎవరి మాట ఎవరు వింటారో వాళ్ళకు తెలిసినంతగా దొరలకు తెలియదు.

మా ఆఫీసులో ఒకరు ప్రాజెక్టు వదిలి వెళ్తుంటే 'కేటీ' ఇస్తారు. అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. అది సరిగ్గా జరిగిందో లేదో అప్పుడే తేలదు. వెళ్ళినవాడు ఫోన్ ఎత్తకపోయినా పని నడిచిన రోజున తేలుతుంది.

తెలుగు బాప్టిస్టులకు ఆ రోజు 1903లో వచ్చిందని నాకనిపిస్తుంది. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి పోయినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం నెల్లూరు నుంచి జాన్ రంగయ్య బయల్దేరారు. ఆయన్ను పంపింది తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ. ఆ ఏడాది డిసెంబరులోనే టీ తోటల ఊరు కీర్స్‌నీలో తెలుగు సంఘం పుట్టింది. దొరల దగ్గర నేర్చుకున్నవాళ్ళు అరవై డెబ్బై ఏళ్ళలో తమ మనిషిని సముద్రం దాటించారు.

రంగయ్యగారికి నాకు లేని బలం ఒకటుంది. ఆయన వెళ్ళింది తన భాష మాట్లాడేవాళ్ళ దగ్గరికి. నాకు మలావీలో మాట్లాడే చిచేవా ఒక్క ముక్క రాదు. కాబట్టి నేను ఇంకా ఎక్కువ వినాలి.

చివరికి ఆవిడకు మెయిల్ పెట్టాను. వస్తాను గానీ మొదటి రెండు రోజులు నేనేమీ నేర్పను, అక్కడి టీచర్లు పాఠం చెబుతుంటే వెనక కూర్చుంటాను అని. 'రెండు చాలవు, నాలుగు తీసుకో' అని జవాబొచ్చింది.

పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఆ దేశంలో ఏం పండిస్తారంట?" అని అడిగింది.

"పుగాకు బాగా పండిస్తారంట పెద్దమ్మా."

"అట్టయితే బళ్ళోనే కూర్చోబాక. ఆకు కట్టే కాడికి కూడా పో."