చీర అంచు రంగులు ఎక్కడ దాగినవి?

సూరత్ లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్నవి. జకార్డ్ మగ్గానికి రంధ్రాల అట్టలు వేలాడిన రోజులలో నమూనా ఎక్కడున్నదని ఎవరూ వెదకలేదు. అది కంటి ఎదుటనే ఉండేది. నేడు నమూనా కంప్యూటరులో చేరినది.

గీసిన బొమ్మను మనిషి తాను పేరు పెట్టిన ఫోల్డరులోనే దాచుకుంటాడు. కాని ఏళ్ల తరబడి కూర్చుకున్న రంగుల పట్టికలను, ఇతర అమరికలను చాలా ప్రోగ్రాములు తామే వేరొకచోట భద్రపరుస్తాయి. ఆ చోటు తెలియక పాత యంత్రాన్ని చెరిపివేస్తే శ్రమ అంతా మళ్లీ మొదటికే!

విండోస్ ఎక్స్‌పీలో దాని పేరు 'అప్లికేషన్ డేటా'. విస్టా నుండి 'యాప్‌డేటా'. అందులోని 'రోమింగ్' భాగం కార్యాలయపు నెట్‌వర్క్‌లో యజమాని వెంట మరొక యంత్రానికి పోగలదు. 'లోకల్' ఉన్నచోటనే ఉంటుంది. రెండింటినీ చూడవలసినదే, ఎందుకంటే ప్రోగ్రాములు రాసేవారందరూ ఈ భేదాన్ని పాటించరు. మాక్‌లో యూజర్ 'లైబ్రరీ'లోని 'అప్లికేషన్ సపోర్ట్' వెదకాలి. 2011 నుండి ఆ లైబ్రరీ కూడా మరుగున పడినది. 'గో' మెనూ తెరచి ఆప్షన్ మీట నొక్కితే కనిపిస్తుంది. లినక్స్‌లో పేరుకు ముందు చుక్క ఉంటే చాలు, ఫోల్డరు దాగిపోతుంది. అమరికలు సాధారణంగా చుక్క 'కాన్ఫిగ్'లోను, తక్కిన సమాచారం చుక్క 'లోకల్' లోపలి 'షేర్'లోను ఉంటాయి.

పొరపాటున చెరిపివేయకుండా ఉండుటకే ఈ దాపరికం. ప్రోగ్రామును మూసి, ఆ ఫోల్డరుకు ప్రతి తీసుకొని, కొత్త యంత్రంలో రంగులు తెరచి చూచిన పిమ్మటనే పాతదానిని అమ్మవలెను.