తెలుగు చలనచిత్రములందు ప్రతినాయకుని పలుకు

రూపకలక్షణములను బోధించు తరగతిలో ప్రతినాయకుని ప్రస్తావన వచ్చినపుడెల్ల మాకొక అనుభవము కలుగుచున్నది. ధనంజయుడు దశరూపకమున ప్రతినాయకుని లోభిగను, ధీరోద్ధతునిగను, స్తబ్ధునిగను, పాపకర్మునిగను, వ్యసనిగను నిర్వచించెను. రామునకు రావణుడును, యుధిష్ఠిరునకు దుర్యోధనుడును అట్టివారని వ్యాఖ్యాత ఉదాహరించెను. ఇంతవఱకు విద్యార్థులు శ్రద్ధతో వ్రాసికొందురు. తెలుగు చలనచిత్రములనుండి ఉదాహరణములిండని అడిగినంతనే తరగతి మాఱిపోవును. వారు దుష్కృత్యములను వర్ణింపరు, వేషమునుగూర్చి చెప్పరు. ఒకడు గొంతు బొంగురు చేసికొని "డింభకా" అనును. ఇంకొకడు "సెగట్రీ" అని పిలుచును. వెనుక వరుసనుండి "బొమ్మాళీ" అను కేక వినవచ్చును. అందఱును నవ్వుదురు. ఏ చిత్రమో, ఏ పాత్రమో ఎవరును అడుగవలసిన పని యుండదు.

ఈ మూడును సంబోధనములు. మా ప్రతిపాదన దీనినుండియే పుట్టినది. తెలుగు తెరపై చిరకాలము నిలిచిన ప్రతినాయకుడు ప్రధానముగా వాచికాభినయమువలన పుట్టినవాడు. ఆ వాచికమునందును ఎదుటివారిని పిలుచు పిలుపే వానికి ఆయువుపట్టు. ఆంగికాహార్యములకు విలువ లేదని మా భావము కాదు. గడ్డములు, కత్తిగాట్లు, చుట్టపొగలు ఎందఱకో కలవు; వారిలో పెక్కండ్రను మనము మఱచిపోయితిమి.

చలనచిత్రము పరిశోధనకు తగిన వస్తువు కాదని పెద్దలొకరు మాతో అనిరి. భరతముని అట్లు తలచియుండడని మా నమ్మకము. ఎవరు ఎవరిని ఎట్లు పిలువవలయునో, ఏ పాత్రమునకు ఏ భాష యుచితమో నాట్యశాస్త్రము విపులముగా చర్చించినది. దుష్టపాత్రమునకు ప్రత్యేకభాష నొసగుట ఎంతటి బలమైన ప్రయోగమో తెలియుటకు మృచ్ఛకటికము చాలును. అందలి శకారుడు రాజునకు మఱది. వసంతసేనను వెంటాడును, ఆమె లోబడకపోగా గొంతు నులుమును, చనిపోయెనని తలచి ఆ నేరమును చారుదత్తునిపై మోపును. ఇంత క్రూరుడు సకారమును శకారముగా పలుకును, పురాణకథలను తాఱుమాఱు చేయును. ప్రేక్షకునకు నవ్వు, భయము ఒక్క నోటినుండియే కలుగుచున్నవి. మన చలనచిత్రములందలి మేటి ప్రతినాయకులలో పలువురు ఈ శకారుని వంశమువారే.

1951లో విజయావారు నిర్మించిన పాతాళభైరవి దీనికి తొలి గొప్ప నిదర్శనము. కె. వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, నేపాళమాంత్రికుడు ఎస్. వి. రంగారావు. నూజివీడున 1918లో జన్మించి కాకినాడ నాటకసమాజములలో ఆరితేరిన రంగారావునకు ఆ చిత్రము విడుదలయగునాటికి ముప్పదిమూడేండ్లు నిండలేదు. వయసు మీఱిన మాంత్రికుని నడక, చేతివ్రేళ్ల కదలిక, ఓరచూపు అన్నియు కల్పించుకొన్నవే. అయినను ఆ పాత్రమును ఇంటింటికి చేర్చినది "డింభక" అను ఒక్క మాట.

ఈ పదమును కొంత పరిశీలింపవలసియున్నది. డింభమనగా శిశువు. దానికి చేరిన క-ప్రత్యయమును పాణిని కుత్సార్థమునను, అనుకంపార్థమునను, అల్పార్థమునను విధించెను. తోటరాముడు మాంత్రికునకు బలిపశువు. బలియిచ్చువఱకు వానిని బుజ్జగింపవలయును, వానిపై జాలి నటింపవలయును, లోలోపల వానిని తృణీకరింపవలయును. ప్రత్యయమునకు గల మూడర్థములును ఆ పిలుపునందు ఏకకాలమున పనిచేయుచున్నవి! హరివంశమున డింభకుడను పేరుగల రాజకుమారుడొకడు కలడు గాని వానితో ఈ సంబోధనమునకు పొత్తు లేదు. పింగళివారు వ్యాకరణము చూచి ఈ పదమును వ్రాసిరని మేము అనము. మంచి రచయితకు పదము చెవిని పడి పట్టుబడును. వ్యాకరణము తరువాత వచ్చి సాక్ష్యము పలుకును.

ఆ మాంత్రికుడే "చేయు" ధాతువును "శాయు" అని పలుకును. ఇది శకారుని ఉచ్చారణమును జ్ఞప్తికి తెచ్చుట కాకతాళీయమే కావచ్చును. కాని "శాయించి" వంటి రూపములు పాత కైఫీయతులలో మనకు కనబడునవే. కావున ఈ పాత్రము నోట సంస్కృత నిఘంటువును, గ్రామకరణముగారి దస్తరమును పక్కపక్కనే నిలిచినవి. అట్టి తెలుగు ఏ యూరివారును మాట్లాడరు. అయినను ఏ యూరివారికిని అది పరాయిగా తోపలేదు. వాడు ఎచ్చటివాడో తెలియదు, మాట మాత్రము మనది. భయము అచ్చటనే పుట్టినది.

పింగళివారి మఱియొక చమత్కారమును ఇచ్చటనే చెప్పుట మంచిది. 1961 నాటి జగదేకవీరుని కథలో రాజనాల వహించిన రాజపాత్రమునకు దుర్బోధలు చేయు మంత్రి సి. ఎస్. ఆర్. ఆంజనేయులు. 1939లో బాలాజీ చిత్రమున వేంకటేశ్వరునిగా పూజలందుకొన్న నటుడీయనయే. 1957లో మాయాబజారున శకుని. మంత్రి తన ప్రభువును "రాజన్" అనియు, వెంటనే "శృంగారవీరన్" అనియు సంబోధించును. నకారాంతమగు రాజన్ శబ్దమునకు సంబోధనమున "రాజన్" అనుట సాధువు. అకారాంతమగు వీరశబ్దమునకు "వీర" అనియే కావలయును. "వీరన్" అనునది దొంగరూపము. మొదటి పిలుపు వ్యాకరణసమ్మతము, రెండవది ప్రాసకొఱకు చేసిన ముఖస్తుతి. మంత్రి స్వభావమంతయు ఆ తప్పు విభక్తిలో కలదు. సి. ఎస్. ఆర్. దానిని ఎంతో వినయముగా, పండితునివలె పలుకుటచేత రాజునకది తప్పని తోపదు. తెలుగు విద్యార్థికి తోపవలయును.

1963లో వచ్చిన నర్తనశాలలోని కీచకుని త్రోవ వేఱు. ఇతడును శకారునివలె రాజశ్యాలుడే, పరస్త్రీని వేధించువాడే. కాని ఇతనికి విడి భాష లేదు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున, సముద్రాల రాఘవాచార్యుల రచనలో, నాయకాదులు పలుకు ప్రౌఢభాషనే కీచకుడును పలుకును. తిక్కన విరాటపర్వము చదివిన తెలుగువారికి కీచకుని మాటతీరుపై ముందే ఒక ఊహ యుండును. ఆ ఊహతో పోటీపడుట సామాన్యము కాదు. ఈ చిత్రమునకు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావు ఉత్తమనటుడుగా గౌరవింపబడెను. ఆ న్యాయనిర్ణేతలకు తెలుగు వచ్చియుండదు గదా, వాచికమే ప్రధానమన్న మా వాదము నిలుచునా అని ఒకరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. రంగారావు దేహమే మాటాడునని మేమును ఒప్పుకొందుము.

అయినను తెలుగువాడు వినునది మఱియొకటి కలదు. కీచకునకు ఆమెను పిలుచుటకు "సైరంధ్రి" అను మాటయే గతి. అది పేరు కాదు. పరగృహమున నివసించుచు, స్వవశయై, శిల్పవృత్తిచే జీవించు స్త్రీ అని అమరసింహుడు దానికి అర్థము చెప్పెను. "స్వవశ" యని నిఘంటువు నొక్కి చెప్పిన స్త్రీని తన వశము చేసికొనదలచినవాడు ఆ పదముతోనే ఆమెను మాటిమాటికి పిలుచును. తాను పలుకు మాటకు అర్థము తనకే వినబడని మత్తు అది. రంగారావు గొంతులో ఆ మత్తును మేము ఎన్నిమాఱులు విన్నను తనివి తీరలేదు.

పౌరాణికములలో ఇంకొక విపరీతము జరిగినది. భూకైలాస్ (1958), సీతారామకల్యాణము (1961) చిత్రములలో రావణుడైన ఎన్. టి. రామారావు, 1977 నాటి దానవీరశూరకర్ణలో కర్ణునితోను, కృష్ణునితోను పాటు సుయోధనుని వేషమును తానే ధరించెను. సంభాషణలు కొండవీటి వేంకటకవివి. కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టమున సుయోధనుడు "ఆచార్యదేవా" అని గౌరవముగా పిలిచియే ఆచార్యుల మాటను ప్రశ్నలతో ఖండించును. కులము నెపమున కర్ణుని అడ్డగించుట అన్యాయమని వాదించువాడు ప్రతినాయకుడెట్లగును? ధనంజయుడు ఉదాహరణముగా నిలిపిన దుర్యోధనుడు ఈ సంభాషణముచేత ప్రేక్షకుల హృదయములలో నాయకస్థానమునకు జరిగెను. మాటకు గల శక్తి అంతటిది.

సాంఘిక చిత్రములలో ఆర్. నాగేశ్వరరావు, రాజనాల, నాగభూషణము మొదలగువారు చాలకాలము ఈ పాత్రములను పోషించిరి. నాగభూషణము రంగస్థలముపై రక్తకన్నీరు నాటకముతో సంపాదించిన ఖ్యాతి వేఱుగా వ్రాయదగినది. అయినను వీరికి తమదైన పలుకుబడిని రచయితలు తఱచుగా ఈయలేదని మా అభిప్రాయము. నవ్వుతోను, కంటితోను నెట్టుకొని వచ్చిరి.

ఆ కొఱతను 1975లో ముత్యాలముగ్గు తీర్చినది. బాపు దర్శకుడు, ముళ్లపూడి వెంకటరమణ రచయిత, కంట్రాక్టరు రావుగోపాలరావు. నిర్దోషురాలిపై నింద మోపించి కాపురము కూల్చు కుట్రను ఇతడు నడపును; ఉదయభానుని చూచి ముచ్చటపడుచునే నడపును. కళాపోషణమును ఇతడు "కలాపోసన" అనును. ళకారము లకారముగను, షకారము సకారముగను, ణకారము నకారముగను మాఱి, మూడు ధ్వనిపరిణామములు ఒక్క మాటలో చేరినవి. సెక్రటరీ "సెగట్రీ" అగుటలో కకారము గకారమై, రేఫము చోటు తప్పినది. ధ్వనిశాస్త్రపాఠమునకు ఇంతకంటె రుచిగల ఉదాహరణము మాకు దొరకలేదు. రావుగోపాలరావు కాకినాడ ప్రాంతమువాడు. గోదావరిసీమ పలుకు ఆయనకు ఎరువు తెచ్చుకొన్నది కాదు. చదువురాని నోట పెద్దమాట పలికించి నవ్వించుటతో రమణ ఆగలేదు. ఆ మాట పలికినవాడు కళను నిజముగనే ప్రేమించుచున్నాడు. దౌష్ట్యమునకు రసికత అడ్డురాదని తెలిసినపుడు నవ్వు గొంతులో నిలిచిపోవును.

తరువాతి కాలమున నటుని శరీరము, స్వరము వేఱుపడినవి. 2009లో కోడి రామకృష్ణ దర్శకత్వమున వచ్చిన అరుంధతిలో పశుపతిగా కనబడినవాడు సోనూ సూద్, వినబడినవాడు పి. రవిశంకర్. "బొమ్మాళీ" అను పిలుపును తరగతిలో అనుకరించు విద్యార్థి రూపమును గాక ఆ రెండవవాని గొంతునే అనుకరించుచున్నాడు. 2015లో బాహుబలి కాలకేయులకు "కిలికి" అను భాషనే కొత్తగా కల్పించినది. అర్థము కాని భాషయే భయమునకు సాధనమయ్యెను. ఇది శకారుని త్రోవకు చిట్టచివరి మెట్టు.

కాలక్రమమున ముందు చెప్పవలసిన ఒక విషయమును కావలెనని వెనుకకు నెట్టితిమి. 1985లో టి. కృష్ణ తీసిన ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావు మంత్రి కాశయ్య. తెలంగాణపు పలుకుతో ఆ పాత్రము రాణించి నటునకు గొప్ప పేరు తెచ్చినది. 2025లో ఆయన మరణించినపుడు పెక్కుమంది మొదట తలచుకొన్న పాత్రములలో ఇది యొకటి. నటన విషయమున మాకు సందేహము లేదు. కృష్ణాజిల్లా కంకిపాడున పుట్టినవాడు మఱియొక ప్రాంతపు యాసను అంత సహజముగా పట్టుట సామాన్యము కాదు.

ఒకనాడు తరగతిలో ఈ పాత్రమును మేము ప్రశంసించుచుండగా కరీంనగరు ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి యొకడు లేచెను. "మీరు చెప్పినదంతయు నిజమే అయ్యగారూ. మా అవ్వ మాట్లాడునట్లే ఆ మంత్రి మాట్లాడును. ఆ చిత్రములో మంచివారెవరును మా అవ్వవలె మాట్లాడరేమి?" అని అడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోయితిమి. ఆ చిత్రమున నాయిక కళాశాలలో అధ్యాపకురాలు. ఆమె భాష మా తరగతిగది భాష. ఆ భాష మంచితనమునకు గుర్తుగా ఎప్పుడు స్థిరపడినదో మేమెన్నడును ఆలోచింపలేదు.

శకారుని విషయమున ఈ చిక్కు లేదు. వాని పలుకు నాటకమునకు చెందినది, ఎవరి అవ్వ పలుకును కాదు. నేపాళమాంత్రికునకును అంతే. చిక్కు ఎచ్చట వచ్చినదనగా, నాయకునకు గ్రంథములకు దగ్గఱి భాషను, ప్రతినాయకునకు, హాస్యగానికి ఒక ప్రాంతపు యాసను పంచిపెట్టుట ఆనవాయితీ యైనపుడు. రాయలసీమకును ఇదియే జరిగినది. ప్రేమించుకుందాం రా (1997), సమరసింహారెడ్డి (1999) చిత్రములలో జయప్రకాశ్ రెడ్డి సీమ యాసను నిండుగా పలికెను. ఆయన కర్నూలుజిల్లావాడు, కావున అది ఆయన ఇంటి మాటయే. మాటలో దోషము లేదు. ఆ సీమకే చెందిన నాయకుని నోట ఆ మాట అంతగా వినరాకపోవుటయే దోషము.

ఆ విద్యార్థికి మేము నెల దినముల తరువాత చెప్పిన సమాధానము ఇది. కోట చేసినది తప్పు కాదు. ఆ పాత్రమునకు ఎదురుగా అదే యాసతో మాట్లాడు మంచిపాత్రమును నిలుపకపోవుట రచయితల లోపము. 2017లో ఫిదా చిత్రమున నాయిక భానుమతి తెలంగాణపు పలుకుతోనే ప్రేక్షకుల నాకట్టుకొనెను. 2023లో బలగం ఒక కుటుంబమంతటి చేతను ఆ పలుకే పలికించెను. ఇపుడా యాస వినగానే ఎవడో దుర్మార్గుడు వచ్చుచున్నాడని ఎవరును అనుకొనరు. విద్యార్థి సగము మాత్రమే సమాధానపడెను. 1985 మొదలు ప్రతినాయకులకు ఏయే ప్రాంతముల పలుకులు పంచబడినవో, వారు ఇతరులను ఏయే మాటలతో పిలిచిరో జాబితా వ్రాయుటకు పూనుకొన్నాడు. చిత్రములను చూచుచు చేతితో ఎత్తి వ్రాసికొన్న నోటుపుస్తకములు ఇప్పటికి మూడు నిండినవి. నాల్గవదానిలో సీమ చిత్రములు ప్రారంభమైనవని మొన్న వచ్చి చెప్పిపోయెను.