దాంపత్యంలో గైరత్, అనుమానం

గత రమజాన్‌కు ముందు ఒక రాత్రి, ఇషా నమాజు ముగిశాక, ఎల్.బి.నగర్‌లో కాపురముంటున్న ఒక యువ జంట మా ఇంటికి వచ్చింది. భార్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో ఫీజుల లెక్కలు చూస్తుంది. భర్త అక్కడికి దగ్గరలోనే సెల్‌ఫోన్ల దుకాణంలో ఉద్యోగి. ఒకరి ఫోను ఒకరు చాటుగా చూసి పట్టుబడ్డారు. పది రోజులుగా మాటలు లేవు. “మౌలానా సాబ్, తప్పు ఎవరిదో మీరే చెప్పండి” అన్నాడు భర్త.

అతడి మాటలు విడిగా, ఆమె మాటలు మా ఇంటావిడ సమక్షంలో విన్నాము. భర్త అనుమానం సెంటరుకు కొత్తగా వచ్చిన మేనేజరు మీద. అతడి కారు, జీతం, అందరూ అతడి మాట వినడం గురించి చెప్పాడే గాని, మనిషి ఎలా ఉంటాడో ఒక్కసారీ చెప్పలేదు. భార్య అనుమానం దుకాణంలో చేరిన అమ్మాయి మీద. ఆమె మేనిఛాయ, వయసు, నవ్వు, ఇవే వర్ణించింది. ఇద్దరి చేతిలోనూ ఏ ఆధారమూ లేదు.

ఈ తేడా ఈ ఒక్క ఇంటిదే కాదని మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా అబ్బాయి వివరించాడు. 1992లో అమెరికాలో డేవిడ్ బస్, ఆయన తోటి పరిశోధకులు 202 మంది విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. జీవిత భాగస్వామి పరాయి వ్యక్తితో శారీరక సంబంధం పెట్టుకోవడం ఎక్కువ బాధిస్తుందా, మనసు ఇవ్వడమా అని. యువకులలో 60 శాతం మొదటిదన్నారు, యువతులలో 83 శాతం రెండవదన్నారు. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు డైక్‌స్ట్రా, బూంక్ ప్రత్యర్థి సంగతి పరిశీలించారు. పురుషుణ్ణి ప్రత్యర్థి ఆధిపత్యమూ, స్త్రీని ప్రత్యర్థి అందమూ ఎక్కువగా కలవరపెడతాయని తేల్చారు.

అయితే బస్ ప్రశ్నకు వచ్చినవి ఊహించి చెప్పిన జవాబులు. నిజంగా ద్రోహానికి గురైన వారిని క్రిస్టీన్ హారిస్ అడిగినప్పుడు, స్త్రీపురుషులిద్దరూ మనసు మరలిపోవడం గురించే ఎక్కువగా మథనపడినట్లు తెలిసింది. మా అనుభవమూ ఇదే. మండిపడుతూ వచ్చే భర్త చివరకు తలవంచుకుని అడిగేది, ఆమెకు తన మీద ప్రేమ ఉందా లేదా అనే.

ఆ మంట ఎంత దూరం పోగలదో ఈ ప్రాంతం చూసింది. 2023 ఫిబ్రవరిలో, ఎల్.బి.నగర్ దాటాక విజయవాడ రహదారిలో వచ్చే అబ్దుల్లాపూర్‌మెట్ వద్ద ఒక ఇంజనీరింగ్ విద్యార్థి హతుడయ్యాడు. ఒక అమ్మాయి విషయమై స్నేహితుడే చంపాడని పోలీసులు అభియోగం మోపారు. నిందితుడూ విద్యార్థే.

గైరత్ విశ్వాసి గుణమే, సందేహం లేదు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) గైరత్‌కు ఆశ్చర్యపడిన వారితో, తమకు ఆయనకంటే ఎక్కువ గైరత్ ఉందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. కాని ఆధారమున్న చోట కలిగే గైరత్ అల్లాహ్‌కు ఇష్టమనీ, ఆధారం లేనిది అయిష్టమనీ ఆయనే బోధించారు. ప్రయాణం నుండి తిరిగివచ్చినవాడు ఇల్లాలి తప్పులు వెదికే ఉద్దేశంతో రాత్రివేళ హఠాత్తుగా ఇంట ప్రవేశించరాదన్నారు. చాటుగా ఫోను తెరవడం ఇందుకు ఎలా భిన్నమవుతుంది? దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో అనుమానమూ, ఆరా తీయడమూ ఒకేచోట వారించబడ్డాయి.

మరి స్త్రీ ఈర్ష్య? ఒకసారి దైవప్రవక్త (సఅసం) ఒక సతీమణి ఇంట ఉండగా మరొక సతీమణి భోజనం పంపారు. ఆ ఇంటి సతీమణి సేవకుని చేతిని కొట్టగా పాత్ర పగిలింది. ఆయన కోపగించలేదు. ముక్కలూ, ఒలికిన అన్నమూ స్వయంగా ఏరి, మీ తల్లికి ఈర్ష్య కలిగిందని అతిథులకు సర్దిచెప్పారు. పిదప ఆ ఇంటి నుండే మంచి పాత్రను బదులుగా పంపించారు. ఈర్ష్యను నేరం చేయలేదు, నష్టాన్ని వదిలిపెట్టనూ లేదు. మన మింబర్ల మీద గైరత్ ప్రస్తావన తరచూ వింటాము, ఈ పాత్ర సంగతి అరుదుగా వింటాము. మేమూ అందుకు బాధ్యులమే.

ఆ రాత్రి మేము తీర్పు చెప్పలేదు. మాకు చెప్పిన భయాన్నే ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకోమన్నాము. భర్తకు నోరు పెగలడానికి చాలాసేపు పట్టింది. తన జీతం చాలడం లేదని ఆమె అనుకుంటోందేమోనన్నాడు. ఆమె విస్తుపోయింది.

ఈద్ తర్వాత మళ్లీ వచ్చారు. ఆమె దుకాణానికి వెళ్లి ఆ అమ్మాయిని పలకరించి వచ్చిందట. అతడు మాత్రం ఇంకా మేనేజరును కలవలేదు.